పెరట్లో తేనెటీగకూ చోటుంచుదాం

ఐదో తరగతిలో దసరా సెలవులప్పుడు అమ్మతో పాటు పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి పోయాను. సాయంత్రం మొగ్గలు వలిచి కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగచెట్ల పువ్వు తెచ్చి, ఆ పుప్పొడిని కీలాగ్రానికి రాయాలి. వంగి వంగి నడుము పడిపోయేది. సెలవులు అయిపోయినా బడికి పోలేదు.

హైబ్రిడ్ విత్తనం కోసం మనుషుల చేత చేయించే ఆ పనినే మన పెరట్లో తేనెటీగలు, తుమ్మెదలు కూలి అడక్కుండా చేస్తున్నాయని తర్వాత పాఠంలో చదివాను. ఆ పని విలువ నా వేళ్లకు అంతకుముందే తెలుసు.

మరి వాటి పట్ల మనం చేస్తున్నదేమిటి? గుమ్మడిపాదుకు ఆడపూలు వేరు, మగపూలు వేరు. పుప్పొడి అందకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. అది తెగులనుకుని పొద్దున్నే మందు కొడతాం. గుమ్మడిపూలు విచ్చేదీ, తేనెటీగలు వచ్చేదీ ఆ వేళకే! ఉన్నవీ చచ్చి, పిందెలు ఇంకా రాలతాయి. వంగపువ్వులో పుప్పొడి సన్నటి రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే బాగా రాలుతుంది. పట్టు కట్టే తేనెటీగకు ఆ విద్య రాదు. నల్లటి పెద్ద తుమ్మెద ఎండుకొమ్మను తొలిచి గూడు చేసుకుంటుంది. మనం ఎండుకొమ్మ కనబడితే పొయ్యిలో పెడతాం.

"కుడతాయి కదా!" అని కొందరంటారు. పిల్లలు తిరిగే చోట పెద్ద తేనెపట్టు ఉంటే ప్రమాదమే. తెలిసినవాళ్ల చేత తీయించాలి. కానీ ఎవరి జోలికీ రాకుండా కంపలో కట్టుకున్న చిన్న పట్టును కాగడా పెట్టి కాల్చడం ఏం న్యాయం?

దీనికి డబ్బుతో పని లేదు. ముద్దబంతి పక్కన నాలుగు రేకబంతి మొక్కలు వేయండి. తులసిని, కొంత కొత్తిమీరను పూతకు వదలండి. నేలలో గూడు చేసుకునే జాతులున్నాయి కాబట్టి ఓ మూల సిమెంటు వేయకండి. ఓ ఎండుకొమ్మను అలాగే ఉంచండి. పూత మీద మందు కొట్టకండి. తప్పదనుకుంటే పొద్దు గూకాక కొట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మరుసటి ఏడాది ఈ హాస్టల్లో నాకింత చోటు దొరికింది కాబట్టే చేను వదిలి చదువుకోగలిగాను. చోటు విలువ మనకు ఒకరు చెప్పాలా? ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెరట్లో ఓ మూల వాటికీ వదలండి.