పాత ఊరి ప్రదర్శనలో స్త్రీల శ్రమకు చోటెక్కడ?

పాత ఊరిని మళ్ళీ కట్టి చూపించడం చాలా దేశాల్లో ఉంది. డెన్మార్క్, కెనడాల్లో వైకింగుల గ్రామాలు కట్టారు. నాటి దుస్తులు వేసుకున్న మనుషులు అక్కడ నూలు వడుకుతూ, ఇనుము కాలుస్తూ సందర్శకులకు కనిపిస్తారు. మనకు దానికి దగ్గరగా ఉన్నది చెన్నై శివారు ముట్టుకాడులోని దక్షిణచిత్ర. 1996లో ప్రారంభమైంది. కొన్ని పాత ఇళ్ళను ఊళ్ళ నుంచి విప్పి తెచ్చి నిలబెట్టారు, కొన్నింటిని నమూనా ప్రకారం కట్టారు. వాటిలో విశాఖ తీరపు చుట్టిల్లు, నల్లగొండ చేనేత కుటుంబపు ఇల్లు మన తెలుగువారివి.

అల్లవరంలో కొబ్బరి పీచుతో తాడు పేనే కొందరు స్త్రీలతో కలిసి నేను ఆ గ్రామం చూశాను. చుట్టిల్లు ముందు వాళ్ళు చాలాసేపు ఆగారు. మూలల్లేని మట్టిగోడ, నేలకు దగ్గరగా వాలిన తాటాకు కప్పు. తుఫాను గాలికి పట్టు దొరకదు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ ప్రాంతంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఇంటి విలువ వీళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ వాళ్ళడిగింది వేరు: "దీన్నెవరు అలుకుతున్నారండీ? రోజుకి ఎంతిత్తారు?"

అసలు ప్రశ్న ఇదే. పాత ఇల్లు అనగానే మనకు దాని రూపం కనిపిస్తుంది, దాన్ని నిలిపే పని కనిపించదు. వానకు కరిగిన గోడను మెత్తడం, నేల అలకడం, నీళ్ళు మోయడం ఏటా, రోజూ చేయాల్సినవి. ఇల్లు కట్టినవాడికి పనివాడనే పేరొచ్చింది. దాన్ని నిలిపినామె చేసింది ఇంటిపని అయిపోయింది.

చేనేత ఇంట్లోనూ అంతే, చూపంతా మగ్గం మీదే పడుతుంది. పోచంపల్లి చీరకు మగ్గం ఎక్కకముందే ఆసు పోయాలి. ఒక్క చీరకు సుమారు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తరతరాలుగా ఇది స్త్రీల పని. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎందరో తల్లుల భుజాలు అరిగిపోయిన సంగతి ఆ యంత్రం పుణ్యమా అని బయటివాళ్ళకు తెలిసింది. మగ్గాన్ని మాత్రమే చూపిస్తే ఆ నొప్పి మళ్ళీ సంప్రదాయపు అందం చాటుకు పోతుంది.

వైకింగుల సంగతే చూడండి. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరాన, లాన్స్ ఓ మెడోస్‌లో 1960లలో తవ్వకాలు జరిపినప్పుడు కదురుకు తొడిగే చిన్న రాతి బిళ్ళ ఒకటి దొరికింది. వడకడం ఆ సమాజంలో ఆడవాళ్ళ పని. కాబట్టి సముద్రం దాటి వచ్చినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారని పరిశోధకులు గ్రహించారు. వెయ్యేళ్ళ తరువాత ఆ స్త్రీల తరఫున సాక్ష్యం చెప్పింది వాళ్ళ పనిముట్టే.

ఇలాంటి గ్రామాలు వద్దని నేననను. కోనసీమకూ పర్యాటకులు వస్తున్నారు. రేపు ఇక్కడ పాత పెంకుటిల్లు, పీచు రాట్నం ప్రదర్శనకు పెడితే మనం ముందుగానే కొన్ని అడగాలి. ప్రతి పనిముట్టు పక్కనా అది ఎవరి చేతిలోదో, ఎన్ని గంటల పనో, ఎంత కూలి ముట్టేదో రాయాలి. ఏ పేట ఇళ్ళు పెట్టారో, ఏ పేటను వదిలేశారో చెప్పాలి. అక్కడ అలికే, పేనే స్త్రీలను కార్మికులుగా నియమించి చట్టప్రకారం కనీస వేతనం ఇవ్వాలి. ఏది చూపాలో నిర్ణయించే కమిటీలో వాళ్ళుండాలి.

అందాకా మన సంఘాలు చేయగల పని ఒకటుంది. ఊరూరా పెద్ద వయసు స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ళ పని, కూలి, జబ్బుల వివరాలు రాసుకోవాలి. రాట్నాన్ని ఎవరైనా భద్రపరుస్తారు. పీచు దుమ్ముకు వచ్చిన దగ్గును మనమే నమోదు చేయాలి.