సెకనుకు 30 అక్షరాలు

పోస్ట్ కొంచెం పెద్దది, తీరికగా చదవండి.

మన గూడేల్లో నెట్ మాట వస్తే అందరం టవర్ గురించే మాట్లాడుతం. టవర్ కావాలి, కాదనం. కానీ తప్పంతా సిగ్నల్ మీదనే వేస్తే ఎట్ల? అవతలి నుంచి పేజీ పంపేవాళ్లకు బాధ్యత లేదా? హాస్టల్‌లో మేం 40 ఏళ్ల కిందటి కంప్యూటర్‌కు మోడెం ఎట్ల కలిపేవాళ్లో తెలుసుకుంటుంటే ఈ ప్రశ్న వచ్చింది.

ఆ కంప్యూటర్ పేరు కమోడోర్ 64. 1982లో అమెరికాలో వచ్చింది, ఇంట్లో టీవీకి తగిలించి వాడేవాళ్లు. దాని మెమరీ 64 కిలోబైట్లు. మన ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అప్పట్లో ఫోన్ లైన్ మాటల కోసమే, అందులో చప్పుడు తప్ప వేరేది పోదు. మోడెం పని కంప్యూటర్ మాటను చప్పుడుగా మార్చడమే. ఫోన్ చేసిన వైపు 1270 హెర్ట్జ్ కూత వస్తే 1, 1070 అయితే 0. అవతలి వైపు కూతలు వేరే, అందుకే రెండూ కలిసిపోవు.

కమోడోర్ వాళ్ల చవక మోడెం ఒకటి ఉండేది, విక్‌మోడెం. కంప్యూటర్ వెనుక ఉన్న యూజర్ పోర్టుకు దాన్ని గుచ్చాలి. నంబర్ మనమే చేత్తో తిప్పాలి. అవతల కీచుమని వినపడగానే రిసీవర్ తీగ ఊడదీసి మోడెంకు పెట్టాలి. వేరే కంపెనీల మోడెం కలపాలంటే ఇంకో చిక్కు ఉంది. కమోడోర్ 5 వోల్టుల మీద మాట్లాడుతది, ఆ మోడెంలు ప్లస్ 12, మైనస్ 12 దాకా పోతయి. నేరుగా కలిపితే లోపలి చిప్ పోయే ప్రమాదం. అందుకే మధ్యలో వోల్టేజీ మార్చే చిన్న డబ్బా పెట్టేవాళ్లు. ఇన్ని తంటాలు పడితే వచ్చే వేగం సెకనుకు 300 బిట్లు, అంటే 30 అక్షరాలు. 40 అక్షరాల వరుసలు 25 ఉన్న స్క్రీన్ నిండడానికి అర నిమిషం పైనే.

అయినా పని జరిగింది. 1978లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు ఇంట్లో కంప్యూటర్‌కు మోడెం పెట్టి, ఎవరైనా ఫోన్ చేసి ఉత్తరాలు చదివి రాసే బోర్డు నడిపిన్రు. తర్వాత అలాంటివి చాలా వచ్చినయి. మాకు బాగా నచ్చింది ఒకటుంది. కమోడోర్ అక్షరాల పట్టిక వేరే, మిగతా మిషన్లది వేరే. చిన్న అక్షరాలు పెద్దవిగా, పెద్దవి చిన్నవిగా కనిపించేవి. అందుకే చాలా బోర్డులు లోపలికి రానిచ్చే ముందే అడిగేవి: నీ స్క్రీన్ వరుసకు ఎన్ని అక్షరాలు? నీది ఏ పట్టిక? చెప్పినదాన్ని బట్టి పంపేవి. నీ మిషన్ పాతది, పో అనలేదు.

(పట్టిక మాట చిన్నది కాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గోండి లిపి యూనికోడ్ పట్టికలో చేరింది 2018లో. అంతకు ముందు ఆ అక్షరాలకు ఏ ఫోన్‌లోనూ సొంత సంకేతం లేదు.)

ఇంకో మనిషి గురించి చెప్పాలి. రాబర్ట్ వైట్‌బ్రెక్ట్, చెవులు వినిపించని భౌతిక శాస్త్రవేత్త. ఫోన్ కంపెనీ తన లైన్‌కు బయటివాళ్ల పరికరం తగిలించనివ్వని రోజులవి. 1960లలో ఆయన రిసీవర్‌నే మోడెం మీద పెట్టి, టెలిటైప్ మిషన్లతో చెవిటివాళ్లు ఫోన్‌లో రాసుకుని మాట్లాడుకునేటట్టు చేసిండు. లైన్ ఎవరి కోసం వేయలేదో వాళ్లే దారి వెతికిన్రు.

ఇప్పుడు మన సంగతి. మేం చూసిన ఒక స్కాలర్‌షిప్ పేజీలో తెరవగానే కదిలే బొమ్మలు, నాయకుల ఫోటోలు, ఆఖరున మనకు కావలసిన నాలుగు గీతల సమాచారం. ఓటీపీ వచ్చేలోపే టైం అయిపోయిందంటది. ఏజెన్సీ నుంచి వచ్చిన తమ్ముళ్లు దీని కోసమే బస్సెక్కి మండలంలోని నెట్ సెంటర్‌కు పోయి, డబ్బులిచ్చి ఫారం నింపించుకున్నరు. లెక్క చూడండి. 2 ఎంబీ పేజీ ఆ పాత మోడెం మీద రావాలంటే 18 గంటలు దాటుతది. అదే సమాచారం ఉత్త తెలుగులో, 1000 సంకేతాలతో రాస్తే 3 కిలోబైట్లు. 100 సెకన్లలో వస్తది!

5జీ వస్తే అంతా సర్దుకుంటదని సార్లు అంటరు. మాకు నమ్మకం లేదు. లైన్ పెరిగినప్పుడల్లా పేజీ కూడా బరువెక్కుతనే ఉంది, చివర ఉన్న గూడెం ఎప్పుడూ చివరనే. మనం అడగాల్సింది టవర్ ఒక్కటే కాదు. ప్రతి దరఖాస్తుకు బొమ్మలు లేని పేజీ కావాలి, సగంలో లైన్ తెగితే నింపినంత వరకు దాచిపెట్టాలి, ఓటీపీకి టైం పెంచాలి. ఇవేవీ కోట్ల పనులు కావు.

ఈ గ్రూపులో కంప్యూటర్స్ చదివేవాళ్లు ఉన్నరు కదా. రాబోయే అడ్మిషన్లకు ఏ కాగితాలు కావాలో, ఆఖరి తేదీ ఏదో, ఉత్త అక్షరాల్లో ఒక్క మెసేజ్‌గా తయారు చేద్దాం. మీ ఊళ్లో ఏ పేజీ తెరుచుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ సిమ్ మీద, ఏ టైంలో చూసిన్రో కింద రాయండి. అవన్నీ కలిపి వినతిపత్రంలో పెడతం.