పదిమంది మసలే ఇంట ఏది పరవాలి?

తివాచీ మంచిదా, జంబుఖానా మంచిదా అని కొందరు సోదరీమణులు అడుగుతూంటారు. మా బంగారుపాళ్యంలో దీనికి జవాబు మామిడికాలమే చెబుతుంది. మండీకి తోతాపురి కాయ దిగే రోజుల్లో పిల్లల చేతులనుంచి రసం కారుతుంది. తోటనుంచి వచ్చినవారి కాళ్లకు మట్టి ఉంటుంది.

ఏలూరు ఉన్ని తివాచీ అందమైనదే. కాని దాని నూగులో దిగిన దుమ్ము ఊరికే దులిపితే పోదు. తడిస్తే తొందరగా ఆరదు. రాకపోకలు తక్కువైన గదిలో దాన్ని పరచుకోండి. నడవలోకి మాత్రం నూలు జంబుఖానాయే నేను కోరుకుంటాను. వరంగల్లు జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రెండువైపులా పరవవచ్చు, ఉతికి నీడన ఆరవేయవచ్చు.

కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే వద్దనండి. వెలుగుకెత్తి చూడండి, సందులు కనిపిస్తే నేత పలుచనన్నమాట. రసం పడగానే పొడిగుడ్డతో అద్ది, తరువాత చన్నీళ్లు అద్దండి, రుద్దవద్దు.

అన్నిటికంటె ముఖ్యం: నున్నటి గచ్చుమీద జంబుఖానా జారుతుంది. పెద్దవాళ్లు నడిచే దారిలో, గడప దగ్గర పరవకండి. మరక పోకపోయినా సంసారం సాగుతుంది. అత్తగారి తుంటి విరిగితే ఇల్లంతా మంచాన పడినట్లే!