ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు ఆపాలా? రష్యా వాళ్లను చూసి చెబుదాం



మన ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని పంపడం మానేసిన తల్లిదండ్రులు ఈమధ్య చెప్పే కారణం ఒక్కటే. "బళ్లో ఒడియా ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. ఇంట్లో కూడా తెలుగంటే పిల్లకి ఇంగ్లీషు ఎప్పుడొస్తుందండీ?" అంటున్నారు. కొన్ని ఇళ్లల్లో అయితే అమ్మానాన్నలు తమకు వచ్చినంత ఇంగ్లీషులోనే పిల్లలతో మాట్లాడుతున్నారు. వాళ్ల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగాల దగ్గర ఎంత ఇబ్బందో బరంపురంలో బతికే మనందరికీ తెలిసిందే. కానీ ఆ భయానికి వేస్తున్న మందు మాత్రం తప్పు మందని మా అభిప్రాయం. ఆ మాట ఊరికే అనకుండా ఒక ఉదాహరణతో చెబుతాం. ఆ ఉదాహరణ మనది కాదు, రష్యన్ మాట్లాడేవాళ్లది.

వాళ్లే ఎందుకంటే, రష్యాలో ఇంగ్లీషు వాళ్ల పాలన ఎన్నడూ లేదు. మనకున్నట్టు కోర్టులో, ఆఫీసులో, దుకాణం బోర్డు మీద ఇంగ్లీషు వాళ్లకు లేదు. ఒకటో తరగతి నుంచి డాక్టరు చదువు దాకా అన్నీ సొంత భాషలోనే. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, అంతే. లిపి కూడా వేరు. అయినా రష్యన్ మాతృభాషగా ఉన్న ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు ప్రపంచమంతా ఇంగ్లీషులో పనిచేస్తున్నారు. ఇంట్లో రష్యన్ ఆపేసి వాళ్లు ఇంగ్లీషు నేర్చుకోలేదు. రష్యన్ పక్కన పెట్టుకుని, ఎక్కడ కలుస్తుందో ఎక్కడ విడిపోతుందో చూసుకుంటూ నేర్చుకున్నారు.

మొదట వాళ్లకు తగిలే దెబ్బ మాటల దగ్గరే. రష్యన్‌లో "మగజీన్" అంటే దుకాణం. ఇంగ్లీషులో మ్యాగజీన్ అంటే పత్రిక. రష్యన్‌లో "ఫమీలియ" అంటే ఇంటిపేరు, ఇంగ్లీషులో ఫ్యామిలీ అంటే కుటుంబం. "దెకాద" అంటే వాళ్లకు పది రోజులు, ఇంగ్లీషులో డెకేడ్ అంటే పదేళ్లు. "అంగీనా" అంటే వాళ్లకు గొంతు నొప్పి, టాన్సిల్స్ వాపు. ఇంగ్లీషులో అంజైనా అంటే గుండెకు సంబంధించిన నొప్పి. గొంతు బాగోలేదని చెప్పబోయి డాక్టరును హడలగొట్టే మాట అది. చూడ్డానికి చుట్టాల్లా ఉంటాయి, దగ్గరికెళ్తే ఎవరో తెలియదు. రష్యన్ పిల్లలకు మాస్టార్లు ఇలాంటి మాటల జాబితా విడిగా ఇచ్చి జాగ్రత్త చెబుతారు.

ఇది మనకు కొత్తా? మన పిల్లలు రోజూ దాటే గడప ఇదే కదా. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం, ఒడియాలో నవల. తెలుగులో చరిత్ర అంటే గడిచిన కాలం కథ, ఒడియాలో మనిషి నడవడి, నాటకంలో పాత్ర. తెలుగులో అవకాశం వస్తే ఎగిరి గంతేస్తాం, ఒడియాలో అదే మాటకు తీరిక, సెలవు అని అర్థం. బళ్లో ఒక అర్థంతో, ఇంట్లో ఇంకో అర్థంతో ఒకే మాటను వాడగలిగిన పిల్లకు "చూడ్డానికి ఒకటే అయినా మాట వేరు" అన్న సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు ఆపేస్తే ఆ సాధన కూడా ఆగిపోతుంది.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. రష్యన్‌లో "రుకా" అంటే భుజం నుంచి వేళ్ల దాకా మొత్తం. హ్యాండ్ అన్నా ఆర్మ్ అన్నా వాళ్లకు రోజువారీ మాట అదే. "నగా" అంటే లెగ్గూ అదే, ఫుట్టూ అదే. చేతికున్నా కాలికున్నా వేలు "పాలెత్స్" మాత్రమే. మన చెయ్యి, కాలు, వేలు కూడా సరిగ్గా అంతే! "నేను విద్యార్థిని" అన్నప్పుడు మనం "ఉన్నాను" అని చేర్చం, వాళ్లూ చేర్చరు. ఇంగ్లీషులో మాత్రం ఆ "యామ్" లేకపోతే వాక్యం కుంటుతుంది. ఎ, ది అనే చిన్న మాటలు వాళ్ల భాషలో లేవు, మన భాషలోనూ లేవు. వాళ్లకూ మనకూ ఉన్నది ఒకటే "వ", అందుకే వెస్ట్‌కూ వెస్ట్‌కూ (ఒకటి పడమర, ఒకటి లోపలి బనీను) నోట్లో తేడా పలకదు. నువ్వు, మీరు అని రెండున్నట్టే వాళ్లకు "తి", "వి" అని రెండున్నాయి. ఇంగ్లీషులో అందరికీ యూ ఒక్కటే కాబట్టి మర్యాద అంతా వాక్యం కట్టే తీరులో చూపించాలి. అంటే మాస్కో పిల్లాడికి ఎక్కడ కాలు జారుతుందో బరంపురం పిల్లాడికీ అక్కడే జారుతుంది. అతని మాస్టారు "మన భాషలో ఇలా అంటాం, వాళ్లు అలా అంటారు" అని వేలు పెట్టి చూపిస్తారు. మనం మాత్రం మన భాషే లేనట్టు నటిస్తున్నాం.

ఇక మాటల జతలు. రష్యన్‌లో తప్పు "చేస్తారు", ఇంటిపాఠమూ "చేస్తారు". తెలుగులోనూ అంతే. ఇంగ్లీషులో తప్పును మేక్ చేయాలి, హోంవర్క్‌ను డూ చేయాలి. వాన గట్టిగా పడితే రష్యన్‌లో బలమైన వాన, తెలుగులో పెద్ద వాన, ఇంగ్లీషులో హెవీ, అంటే బరువైన వాన. ఇందులో ఏ ఒక్కటీ తర్కంతో తేలదు. వానకు బలమేమిటి, బరువేమిటి? కాబట్టి రెయిన్ అనే మాటను ఒంటరిగా బట్టీ పెడితే లాభం లేదు, హెవీ రెయిన్ అని జతగా పట్టుకోవాలి. రోజుకు యాభై మాటల పట్టిక రాయించే ట్యూషన్లకు మేము వ్యతిరేకం అందుకే. పట్టికలో మాట విడిగా ఉంటుంది, నోట్లో ఎప్పుడూ విడిగా ఉండదు.

ఇంగ్లీషు నేర్చుకునే ప్రతివాడూ భయపడేది పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ లాంటివాటికి. ఒకటి వాయిదా వేయడం, ఒకటి ఆర్పడం, ఒకటి ఓర్చుకోవడం. రష్యన్ వాళ్లకు ఇక్కడ సొంత భాషే దారి చూపిస్తుంది. "పిసాత్" అంటే రాయడం. ముందు ఒక ముక్క తగిలిస్తే రాసుకోవడం, ఇంకోటి తగిలిస్తే తిరగరాయడం, మరోటి తగిలిస్తే సంతకం పెట్టడం. ముక్క ఇంగ్లీషులో వెనక వస్తుంది, వాళ్లకు ముందు వస్తుంది, అంతే తేడా. మనకు మాత్రం లేదా? రాసుకో, రాసెయ్, రాసిపెట్టు, రాసివ్వు. ఒక్క "రాయి"కి ఎన్ని వేషాలో చూడండి! "రాసెయ్"కీ "రాసిపెట్టు"కీ తేడా చెవితో పట్టే పిల్ల పుట్ ఆఫ్‌కు బెదరదు. ఆ చెవి ఇంట్లో తయారవుతుంది.

జాతీయాల దగ్గర ఈ విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. చిన్న విషయాన్ని పెద్దది చేస్తే రష్యన్ వాళ్లు "ఈగను ఏనుగు చేశాడు" అంటారు. ఇంగ్లీషు వాళ్లు చుంచెలుక తవ్విన మట్టికుప్పను పర్వతం చేశాడంటారు. మనం గోరంతలు కొండంతలు చేశాడంటాం. వాన కురిస్తే రష్యన్‌లో బకెట్‌తో పోసినట్టు, తెలుగులో కుండపోత, ఇంగ్లీషులో పిల్లులూ కుక్కలూ. అబద్ధాలతో మభ్యపెడితే మనం చెవిలో పువ్వు పెట్టాడంటాం, రష్యన్ వాళ్లు "చెవులకు సేమ్యాలు వేలాడదీశాడు" అంటారు. ఇద్దరికీ చెవే దొరికింది! అక్కర్లేని చోటికి వస్తువు మోసుకెళ్తే వాళ్లు "తూలా ఊరికి సొంత సమోవార్ పట్టుకెళ్లినట్టు" అంటారు. తూలా సమోవార్లకు పేరున్న ఊరు. ఇంగ్లీషు వాళ్లు న్యూకాసిల్‌కు బొగ్గు మోశారంటారు. మనం బరంపురానికి పట్టుచీర తెచ్చారని అనుకోవచ్చు.

రష్యన్ వాడు తన ఈగనూ ఏనుగునూ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే ఎదుటివాడు తెల్లబోతాడు. ఆ సంగతి వాడికి తెలుసు కాబట్టే "ఈ సందర్భంలో వాళ్లేమంటారు?" అని వెతుకుతాడు. వెతకాలంటే ముందు తన దగ్గర ఒకటి ఉండాలి. గోరంతలు కొండంతలు అన్న మాటే తెలియని పిల్లకు ఇంగ్లీషు జాతీయం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే. తెలిసిన పిల్లకు అది పోలిక, నవ్వు, జ్ఞాపకం.

మర్యాద సంగతీ ఉంది. "రేపు తెరిచి ఉంటుందా?" అని అడిగితే రష్యన్‌లో "తప్పకుండా" అన్న అర్థంతో చెప్పే "కనేష్న" చాలా సహజం. దాన్నే ఆఫ్ కోర్స్ అని ఇంగ్లీషులో అంటే "అదీ తెలియదా?" అని కసిరినట్టు వినిపించవచ్చు. మాటకు అర్థం సరిపోయింది, మనసుకు గుచ్చుకుంది. నిఘంటువులో దొరకని ఇలాంటి తేడాలే అసలు భాష. మన "అండి" విలువ తెలిసిన పిల్ల, ఇంగ్లీషులో ఆ "అండి" ఎక్కడ దాక్కుందో వెతుక్కుంటుంది.

పెద్దవాళ్ల సంగతి చూడండి. కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ 1972లో సోవియట్ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. అమెరికాలో ఉంటూ ఇంగ్లీషులో గొప్ప వ్యాసాలు రాశారు, కవిత్వం మాత్రం ఎక్కువగా రష్యన్‌లోనే రాశారు. 1987లో నోబెల్ వచ్చింది. రెండో భాష వచ్చిందని మొదటిదాన్ని వదల్లేదు. మన ఊరికీ ఈ కథలో చోటుంది. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. తెలుగులో అచ్చయిన ఆ మాస్కో పుస్తకాలు మన పెద్దల అల్మారాల్లో ఇంకా కనిపిస్తాయి. ఆయన పుట్టిన ఊళ్లో ఈ రోజు తెలుగు బరువైందంటే ఎలా?

ఒక తేడా ఒప్పుకోవాలి. రష్యన్ పిల్లాడి వెనక బడి, టీవీ, దేశం మొత్తం ఉన్నాయి. ఇంట్లో నిర్లక్ష్యం చేసినా అతని భాష పోదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం ఇటు చేరినప్పటి నుంచి మన తెలుగుకు ఇల్లే ప్రధానమైన ఆసరా. ఇల్లు కూడా ఆపేస్తే దానికి వేరే తలుపు లేదు. మనం వాళ్లకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే. ఇంకో మాట, ఇంట్లో వచ్చీరాని ఇంగ్లీషు వినిపిస్తే పిల్లకు నిండు తెలుగూ అందదు, నిండు ఇంగ్లీషూ అందదు.

అందుకని తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లకు ఒక నోటుపుస్తకం కొనివ్వండి. పేజీకి మూడు గళ్లు గీయించండి: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. రోజుకు ఒక్క సందర్భం చాలు. వాన పడింది, ఆలస్యమైంది, ఎవరో గొప్పలు చెప్పుకున్నారు. మొదటి గడి అమ్మమ్మనో తాతయ్యనో అడిగి నింపాలి, రెండోది పక్కింటి స్నేహితురాలిని అడిగి, మూడోది టీచరును అడిగి. మాటను విడిగా కాక వాక్యంతో రాయించండి. ఏడాదికి మూడు వందల అరవై సందర్భాలు మూడు భాషల్లో పిల్ల సొంతమవుతాయి. ఏ ట్యూషనూ అంత ఇవ్వదు.

వచ్చే ఆదివారం తరగతిలో ఈ పద్ధతిలోనే మొదలుపెడదామని అనుకుంటున్నాం. మానిపించిన పిల్లల్ని ఒక్కసారి మళ్లీ పంపండి. ఇంగ్లీషు టీచర్లుగా ఉన్న మన వాళ్లు ఎవరైనా గంటసేపు వచ్చి మూడో గడికి సాయం పడితే సంతోషం. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడే జాతీయాలు, సామెతలు కింద రాయండి. వాటితోనే మొదటి పాఠం తయారు చేద్దాం.