కాళింది కన్నీరు, కమల ప్రశ్న

నారాయణపేట మగ్గం మీది నుండి దిగిన చీరకు ఒక వెల ఉన్నది. నూలెంత, పట్టెంత, గళ్ళకూ అంచుకూ నేతగాడు వెచ్చించిన దినములెన్ని అని లెక్కించి ఆ వెల కడతారు. అందులో న్యాయమున్నది. ఆ చీర కట్టి పీటల మీద కూర్చున్న కన్య ప్రక్కనే ఉన్న వరునికి కూడ చదువును బట్టి, కొలువును బట్టి వెల కట్టడం మాత్రం ఏ న్యాయానికీ అందనిది. ఆ బేరానికి ‘వరవిక్రయం’ అని ఉన్న పేరే పెట్టి, రంగస్థలం మీద నిలిపినవాడు కాళ్ళకూరి నారాయణరావు.

ఆయన 1927లో కన్నుమూశాడు. పండ్రెండేండ్ల తరువాత, 1939లో, చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వాన ఈస్టిండియా ఫిలిం కంపెనీ ఈ నాటకాన్ని చలనచిత్రంగా వెలువరించింది.

కథ ఒక గృహంలోని కలహం. పురుషోత్తమరావు దుర్మార్గుడు కాడు; కుమార్తెలను ప్రాణప్రదంగా చూచుకునే తండ్రి. అయినను లోకానికి వెరచి, భూమి అమ్మి, కట్నమిచ్చి కాళిందికి వివాహం చేయబూనుతాడు. తండ్రిని నిర్ధనుని చేసే పెండ్లిని సహింపలేక కాళింది ప్రాణత్యాగం చేసింది. పుచ్చుకున్న ధనాన్ని లోభియైన లింగరాజు తిరిగి ఇవ్వలేదు. అప్పుడు చెల్లెలు కమల ఆ వరునే పెండ్లాడి, అత్తవారింట అడుగుపెట్టనన్నది. వెల ఇచ్చి కొన్న వస్తువు కొన్నవారి ఇంట ఉండవలెను గదా అన్నది. ఆ వాదం న్యాయస్థానం దాకా నడిచింది.

చిత్రం ఈ కథకు చేకూర్చిన లాభం స్వల్పం కాదు. ఆనాటి నాటక సమాజాలలో స్త్రీ పాత్రలను తరచు పురుషులే ధరించేవారు. తెరపై కాళిందిగా కనిపించినది 1925లో జన్మించిన భానుమతి. ఆమెకిదే తొలి చిత్రం. కమల పాత్రను పుష్పవల్లి ధరించింది. పెండ్లి బేరం జరుగుతున్నది నిజంగా ఒక బాలికను గురించియేనని ప్రేక్షకుడు కన్నులారా చూచాడు.

అయితే ఒక ప్రమాదమున్నది. ప్రేక్షకులు కాళిందికై కన్నీరు కార్చి, తమ కర్తవ్యం తీరినదనుకుంటారు. బాలిక మరణాన్ని త్యాగమని కొనియాడే సంఘం, ఆ మరణానికి తాను కారణమన్న మాట మరచిపోతుంది. ఆలోచింపజేయునది కాళింది మరణం కాదు, కమల ప్రశ్న. అక్క తనను తాను శిక్షించుకున్నది. చెల్లెలు బేరాన్నే బోనులో నిలిపింది.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం పుచ్చుకొనుటనే గాక, ఇచ్చుటను కూడ నేరమన్నది. ఆ లెక్కన లింగరాజు ఒక్కడే కాదు, ప్రేమమూర్తియైన పురుషోత్తమరావు సైతం దోషియే. చట్టానికి నాలుగు దశాబ్దాల ముందే నాటకం ఈ చిక్కును చూపినది. చట్టం వచ్చి ఆరు దశాబ్దాలు గడచినను బేరం ఆగలేదు. పేరు మాత్రం ‘కానుక’ అయినది.

కావున పాఠశాల వార్షికోత్సవంలో ఈ నాటకం నుండి ఒక రంగం ప్రదర్శింపదలచిన ఉపాధ్యాయులు కాళింది విలాపాన్ని విడిచి, కమల వాదాన్ని ఎన్నుకొనుట మేలు. ఆ పాత్ర ధరించిన బాలిక ఆ ప్రశ్నను ఒకసారి గొంతెత్తి అడిగితే, రేపు తన ఇంట అడుగుటకు వెనుదీయదు. వినే బాలురలో ఒక్కడైనా తన వెల చెప్పుకొనుటకు సిగ్గుపడితే నాటకం రక్తి కట్టినట్లే.