మైక్రోవేవ్ అంటే ఖౌఫ్ సరే, దేనికి భయపడాలి?



పోయిన రంజాన్‌లో ఒక సెహ్రీ వేళ మద్నూర్‌లో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఆ రోజు అందరం ఆలస్యంగా లేచాం. సెహ్రీ ముగియడానికి ఇరవై నిమిషాలే ఉంది. భాభీ ఒక పక్క రొట్టెలు కాలుస్తూనే, ఏడుస్తున్న మున్నా కోసం పాల సీసాను మైక్రోవేవ్‌లో పెట్టి నిమిషంన్నర తిప్పింది. బయటికి తీసి పట్టుకుంటే సీసా గోరువెచ్చగానే ఉంది. పిల్లాడి నోట్లో పెట్టబోతుంటే అమ్మీ ఆపింది. పాత అలవాటు కొద్దీ రెండు చుక్కలు తన మణికట్టు మీద వేసుకుని, "యా అల్లాహ్!" అంటూ చెయ్యి విదిలించుకుంది. ఆ ఎర్రటి మచ్చ చాలా రోజులు పోలేదు. ఆ పాలు ఎనిమిది నెలల పిల్లాడి గొంతులోకి పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అల్‌హమ్దులిల్లాహ్, బచాయించాడు.

ఆ రోజు నుంచి అమ్మీ ఓవెన్ మీద ఒక దుప్పటి కప్పేసింది. "దాంట్ల రేడియేషన్ ఉంటది బేటా, క్యాన్సర్ వస్తదంట" అంటుంది. నా రాయ్ ఒక్కటే: అమ్మీ చెయ్యి చేసిన పని నూటికి నూరు పాళ్లు సరైనది, నోరు చెప్పిన కారణం మాత్రం గలత్. మన ఇళ్లలో చాలామందిది ఇదే హాల్. భయపడనక్కర్లేని దానికి భయపడతాం, భయపడాల్సిన చోట లాపర్వాహీగా ఉంటాం.

ముందు ఆ గలత్‌ఫహమీ సంగతి చూద్దాం. ఓవెన్‌లో పుట్టే తరంగాలు రేడియో, మొబైల్ తరంగాల ఖాన్‌దాన్‌వే. ఎక్స్‌రే లాంటివి కావు. ఇంటి ఓవెన్లలో వాటి ఫ్రీక్వెన్సీ 2450 మెగాహెర్ట్జ్. అవి తిండిలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి, అంతే. స్విచ్ ఆగితే తరంగాలూ ఆగిపోతాయి. బల్బు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే, అన్నంలో రేడియేషన్ ఏమీ మిగలదు. తలుపు అద్దంలో కనిపించే చిల్లుల జాలీ ఉత్త షోకు కాదు, తరంగాలను లోపలే ఆపేది అదే. అందుకే తలుపు వంగినా, సరిగ్గా మూసుకోకపోయినా ఆ ఓవెన్ వాడకూడదు. ఖౌఫ్ అక్కడ పెట్టండి, అది జాయజ్.

ఇక అసలు ఖతరా ఏమిటి? వేడి సమంగా రాకపోవడం. తరంగాలు తిండిలోకి ఒకటి రెండు అంగుళాల కంటే లోతుగా పోవు. ఒక చోట సలసల కాగుతుంటే పక్కనే చల్లగా ఉంటుంది. సీసా గోరువెచ్చగా ఉండి, పాలు మరిగింది అందుకే. కాబట్టి పసిపిల్లల పాలు ఓవెన్‌లో పెట్టకండి. గిన్నెలో వేడినీళ్లు పోసి సీసా అందులో నిలబెట్టండి. నిన్నటి ఖీమా, సాలన్ అయితే మధ్యలో ఒకసారి ఆపి కలపండి. బయటికి తీశాక రెండు నిమిషాలు సబర్ చేయండి. మొత్తం పొగలు కక్కేలా, అంటే లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి.

దావత్ బిర్యానీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వలీమా నుంచి డబ్బాలో తెస్తాం, రాత్రంతా అలాగే బయట ఉంచుతాం, పొద్దున్నే ఓవెన్‌లో తిప్పి దస్తర్‌ఖాన్ మీద పెడతాం. వండిన అన్నంలోనూ బ్రతికి ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంది. అన్నం బయట ఉన్నకొద్దీ అది పెరిగి విషం చేస్తుంది. ఆ విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేం. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి పోని బిర్యానీని ఏ ఓవెన్ కూడా పాక్ చేయలేదు. తిండి హలాల్‌గా ఉంటే సరిపోదు, తయ్యిబ్‌గా కూడా ఉండాలి కదా.

తర్వాత గిన్నెలు. స్టీలు డబ్బా, అల్యూమినియం ఫాయిల్, మెహమాన్ల కోసం దాచే బంగారు అంచు చీనీ ప్లేట్లు, ఇవేవీ లోపల పెట్టకూడదు. నిప్పురవ్వలు లేస్తాయి. మెలమైన్ ప్లేట్లు కూడా వద్దు. హోటల్ పార్సిల్ ప్లాస్టిక్ డబ్బాలోనే నూనె సాలన్ వేడి చేయడం ఇంకో చెడ్డ ఆదత్. వేడి, నూనె కలిస్తే ప్లాస్టిక్‌లోని కెమికల్స్ తిండిలోకి దిగుతాయి. మైక్రోవేవ్ కోసమే చేసిన గాజు గిన్నె ఒక్కటి కొనుక్కుంటే చాలు, ఏళ్ల తరబడి వస్తుంది.

గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది. చాయ్ కోసం ఉత్త నీళ్లు ఎక్కువసేపు పెడితే, మరిగినట్టు కనిపించకుండానే మరిగే వేడిని దాటిపోతాయి. చెంచా వేయగానే ఎగిరి మొహం మీద పడతాయి.

ఇప్పుడు మగాళ్లకు ఒక మాట. మన దగ్గర ఇప్పుడు జహేజ్ సామానులో ఓవెన్ కూడా వచ్చి చేరింది. కోడలి వెంట డబ్బా వస్తుంది, వాడే తాలీమ్ మాత్రం రాదు. దాన్ని తెచ్చి మిక్సీ, ఫ్రిజ్‌తో పాటు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తాం. ఏదైనా అయితే "నీకు వాడటం రాదు" అని ఆమెనే అంటాం. భాయీ, ఓవెన్‌కు విడిగా 16 ఆంపియర్ల సాకెట్, పనిచేసే ఎర్త్ ఉండాలి. ఆ జిమ్మేదారీ మనది. గాలి ఆడే జాలీలు మూసుకోకుండా గోడకు దూరంగా పెట్టాలి. (అమ్మీ దుప్పటి నేను అందుకే తీసేశాను.) చెడిపోతే స్క్రూ డ్రైవర్ పట్టుకుని మీరే విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉంటుంది. మన బస్తీలో తెలిసిన మిస్త్రీ లేకపోతే బాన్సువాడకో, దెగ్లూర్‌కో తీసుకుపోండి.

లోపల మంట కనిపిస్తే తలుపు మాత్రం తెరవకండి. గాలి తగిలి మంట ఎక్కువవుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఆరిపోయే దాకా తలుపు మూసే ఉంచండి.

కొందరు అంటారు, "అన్నీ అల్లాహ్ చూసుకుంటాడు, ఇంత ఎహతియాత్ ఎందుకు?" అని. పడుకునే ముందు దీపాలు ఆర్పమని, ఎలుక వత్తి లాక్కెళ్లి ఇల్లు తగలబెట్టవచ్చని రసూలుల్లాహ్ (స) హెచ్చరించిన హదీసు మనకు తెలిసిందే. ఎలుక చేసే పనిని కూడా ఊహించి జాగ్రత్త చెప్పిన దీన్ మనది. ఎహతియాత్ చేశాకే తవక్కుల్. ఓవెన్ ఒక నేమత్, ఇంట్లో పసిపిల్లలు మన చేతిలో అమానత్.

ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంటికి వెళ్లి ఒకసారి ఆ ప్లగ్, ఆ తలుపు చూడండి. మా ఇంట్లో ఓవెన్ మళ్లీ నడుస్తోంది. మున్నా పాలు మాత్రం వేడినీళ్ల గిన్నెలోనే వెచ్చబడుతున్నాయి, అమ్మీ మణికట్టు మీద రెండు చుక్కలు పడకుండా సీసా ఇప్పటికీ కదలదు. అల్లాహ్ మన ఇళ్లన్నిటినీ హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.