చేతి సామానులో ఏది, లగేజిలో ఏది?

ఉమ్రా ముగించుకొని జిద్దా నుంచి బయలుదేరే పెద్దలు జమ్‌జమ్‌ను తమ చేతి సామానులోనే ఉంచుకోవాలని ఆరాటపడతారు. తనిఖీ సిబ్బందికి మాత్రం జమ్‌జమ్ అయినా, అత్తరు అయినా ద్రవమే. విమానాశ్రయంలో లభించే అయిదు లీటర్ల పెట్టె లగేజితో పంపవలసినదే.

2006 ఆగస్టులో లండన్‌లో ద్రవరూప పేలుడు పదార్థాలతో విమానాలను కూల్చే కుట్ర బయటపడింది. 100 మిల్లీలీటర్ల పరిమితి ఆ తరువాత వచ్చినదే. ఇక్కడ చూసేది సీసా పరిమాణాన్ని. అందులో మిగిలినదాన్ని కాదు. 200 మిల్లీలీటర్ల సీసా అడుగున నాలుగు చుక్కలే ఉన్నా అనుమతించరు. కొత్త స్కానర్లు అమర్చిన ఎడిన్‌బరో విమానాశ్రయం 2025లో ఈ పరిమితిని రెండు లీటర్లకు పెంచింది. కాని దారిలో విమానం మారే చోట మళ్లీ తనిఖీ ఉంటే, అక్కడి నియమమే చెల్లుతుంది.

పవర్ బ్యాంకు సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. దాన్ని లగేజిలో వేయరాదు. అక్కడ బ్యాటరీ అంటుకుంటే ఆర్పేవారెవరు? దక్షిణ కొరియా 2025 మార్చి నుంచి తలపై అరలో పెట్టడాన్ని సైతం నిషేధించింది.

ఇన్సులిన్‌కు, పసిబిడ్డల పాలకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. వైద్యుని చీటీతో పాటు వాటిని విడిగా తీసి చూపించాలి. తనిఖీకి జంకి అమ్మగారి ఇన్సులిన్‌ను లగేజిలో వేయకండి. పెట్టె ఒకరోజు ఆలస్యమైతే ఆమెకు మందు ఉండదు.